తాళం చెవి దాచే పని ఇంటివాళ్లదేనా?

సంపాదకులకు నమస్కారం.

పంట కాలువలోకి మోపెడ్‌తో సహా వెళ్లిపోయిన పెద్దాయన గురించి కిందటి వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త ఈ ప్రాంతంలో అందరూ చదివే ఉంటారు. ఎవరో వెంటనే దిగి బయటికి తీయబట్టి ఆయన బతికారు. అంతవరకు సంతోషం. చివరి వాక్యంలో మాత్రం, మతిమరుపు ఉన్న మనిషి చేతికి బండి ఇచ్చిన ఇంటివాళ్లదే తప్పని తేల్చేశారు. ఆ ఇంటివాళ్లు ఎవరో నాకు తెలియదు. వారి మీద ఆ మాట పడటం చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మా మామగారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. ఆయన కొబ్బరి రైతు, వయసంతా ఏటిగట్టు మీద, కాలువ గట్ల మీద బండి నడిపిన మనిషి. బ్రేకు ఎక్కడుందో ఆయన చేతులకు ఇప్పటికీ తెలుసు. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో, రాజోలు వెళ్లడానికి ఎటు తిరగాలో మాత్రం అందడం లేదు. పట్నంలో నరాల డాక్టరుకు చూపిస్తే, ఆయన మామగారిని బయట కూర్చోబెట్టి, బండి ఇవ్వవద్దని మాతో మెల్లగా అన్నారు. ఆ ముక్క ఆయనకే చెప్పండి, చీటీ మీద రాయండి అని బతిమాలాం. రాయలేదు. రవాణా కార్యాలయానికి వెళ్తే, లైసెన్సు ఎవరి పేరున ఉందో వారే వచ్చి రాసివ్వాలన్నారు. పోలీసులు అది మీ ఇంటి గొడవ అన్నారు. ఇక మిగిలింది మేము. తాళం చెవి దాస్తే మామగారు మెకానిక్‌ను పిలిపించి కొత్తది చేయించుకున్నారు. బండే అమ్మేస్తే, పెద్దాయన అడిగితే కాదనలేక పక్కింటాయన తన బండి ఇచ్చారు. కోడలు మామగారి బండి లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టిందని చుట్టాల్లో నాకు పేరు వచ్చింది. డాక్టరు చెప్పాల్సిన మాట, ప్రభుత్వం చెప్పాల్సిన మాట కోడలి నోటితో చెప్పిస్తే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది?

ఇది మొండితనం కాదని ముందు అందరూ తెలుసుకోవాలి. తనకు జబ్బు ఉందన్న సంగతే తెలియకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. జబ్బు బయటపడిన రోజునే అందరి బండీ ఆపించాలని నేను అనను. తొలి దశలో కొందరు కొన్నాళ్లు జాగ్రత్తగా నడపగలరు. ఆ తొలి రోజుల్లోనే, ఇంకా మంచీచెడూ తెలిసినప్పుడే, అప్పుడప్పుడు వచ్చి చూపించుకోవాలని, ఆపమన్న రోజు ఆపాలని డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అది మామగారు స్వయంగా ఒప్పుకున్న మాట అయ్యేది. దేశంలో 60 దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఇన్ని లక్షల ఇళ్లలో ఎవరి తిప్పలు వారు పడాల్సిందేనా?

చట్టం లేదా అంటే ఉంది. జబ్బు వల్ల ఒకరు బండి నడపడానికి తగరని నమ్మే కారణం ఉంటే, లైసెన్సు అధికారి దాన్ని ఎప్పుడైనా రద్దు చేయవచ్చని, లేదా వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చని 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. రోగి స్వయంగా వచ్చి రాసివ్వాలని అందులో లేదు. 55 దాటాక ఇచ్చే లైసెన్సు ఐదేళ్లే చెల్లుతుంది. పునరుద్ధరణకు ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. బండి నడపడానికి ఈ మనిషి ఆరోగ్యం తగునా లేదా అని ఆ ఫారంలో డాక్టరే చెప్పాలి. మా మామగారి ఫారం మీద సంతకం పెట్టిన డాక్టరు తలెత్తి ఆయన ముఖం కూడా చూడలేదు. ఇది ఏ నెల అని ఒక్క ప్రశ్న అడిగినా తెలిసిపోయేది. పింఛను డబ్బులకు వేలిముద్ర పడే దాకా ముసలివాళ్లను నిలబెడతారు. నలుగురి ప్రాణాల మీదకు వచ్చే కాగితానికి మాత్రం ఇంత తొందర! ప్రమాదం జరిగినప్పుడు ఆ సంతకం ఎవరిదో మీ విలేకరులూ అడగాలి.

బండి ఆగాక ఆ మనిషి సంగతి ఎవరికీ పట్టదు. తోట, సొసైటీ ఆఫీసు, సెంటర్లో టీ కొట్టు, అన్నీ ఒక్కసారే పోయాయి. నరసాపురంలో ఆయన అక్కగారు ఉన్నారు. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కించి గోదావరి దాటి చూసి వచ్చేవారు, ఇప్పుడు అదీ లేదు. బస్సుల్లో ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఉచితం, 60 దాటినవారికి 25 శాతం రాయితీ. రెండూ మంచివే. బస్సు మా ఊళ్లోకి రావాలి కదా. ఇక కాలువ గట్ల రోడ్లకు రక్షణ గోడలు లేవని ఎన్ని ప్రమాదాల తర్వాత చెప్పాలి? ఏటా వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు, పూడికతీత బిల్లులు అవుతాయి, నీళ్లు వదిలేస్తారు. మలుపుల దగ్గరైనా గోడ లేవదు. మతి బాగున్నవాళ్లే రాత్రిళ్లు అక్కడ పడుతున్నారు.

జపాన్‌లో 75 దాటినవారికి లైసెన్సు పునరుద్ధరణప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. తమంతట తాము లైసెన్సు తిరిగి ఇచ్చినవారు కోరితే ఒక కార్డు ఇస్తారు. చాలా ఊళ్లలో అది చూపిస్తే బస్సు, టాక్సీ చార్జీలు తగ్గుతాయి. బ్రిటన్‌లో డిమెన్షియా అని తేలితే లైసెన్సు సంస్థకు తెలియజేయాలని చట్టం ఉంది. మన దగ్గర ఇంటివాళ్ల గోడు వినడానికి టెలీ మానస్ 14416, పెద్దవాళ్ల కోసం 14567 అని రెండు ఉచిత నంబర్లు ఉన్నాయి. నేను తిరిగిన ఏ ఆసుపత్రి గోడ మీదా అవి కనిపించలేదు.

బండి ఆపమనే సలహాను డాక్టర్లు చీటీ మీద రాయాలి. 16వ సెక్షన్ కింద ఇంటివాళ్లు ఇచ్చే అర్జీని రవాణా అధికారులు తీసుకుని రసీదు ఇవ్వాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, కలెక్టరు గారి ఉత్తర్వు ఒక్కటి చాలు. అర్జీ రాసి నా దగ్గర ఉంచుకున్నాను. ఎవరి చేతికి ఇవ్వాలో అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పాలి.

– ఒక పాఠకురాలు, మలికిపురం మండలం, కోనసీమ