వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి శ్రమ తీసుకుని వచ్చిన సభ్యులకు, ఇవాళ రాకపోయినా రేపు నివేదిక ఏదని అడగబోయే సభ్యులకు నమస్కారాలు.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు నేను చెప్పనక్కరలేదు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు తొమ్మిది నెలవారీ సమావేశాలు, గిడుగు, గురజాడల జయంతులు, రోజంతా సాగిన ఒక చర్చాసభ జరిగాయి. మే నెల సమావేశం ఎన్నికల వల్ల, జూలై సమావేశం వానల వల్ల ఆగిపోయాయి. ఫిబ్రవరిది ఎందుకు ఆగిందో ఆ సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఈ ఏడాది మన మాటలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏఐ యంత్రాన్ని అడిగి తెప్పించుకున్న బొమ్మను కళ అనవచ్చునా, అడిగినవాణ్ణి కళాకారుడనవచ్చునా, అసలు ఈ కొత్త పనులకు మనం వాడుతున్న మాటలకు అర్థమేమిటి అన్నదే ఆ విషయం. కార్యవర్గం కూర్చుని ఎంచిన అంశం కాదిది. మన ఆహ్వానపత్రికలో దొర్లిన తప్పు నుంచి పుట్టుకొచ్చింది. ఆ తప్పులో కార్యదర్శిగా నాకూ వాటా ఉంది కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి బొబ్బిలి వైపు నుంచి వీణలు చేసే ఒక పెద్దాయనను సన్మానానికి పిలిచాం. ఆహ్వానపత్రిక తయారుచేసే పని మన యువ సభ్యుడొకరు మీద వేసుకుని, ఫోనులో యంత్రాన్ని అడిగి వీణ బొమ్మ తెప్పించి, రంగులలో అచ్చు వేయించి తెచ్చారు. చూడగానే నాకు బాగుందనిపించింది, సంతకం పెట్టేశాను. సభ నాడు ఆ పెద్దాయన వేదిక మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పత్రికను దగ్గరగా పెట్టుకుని చిటికెన వేలి గోటితో బొమ్మలోని వీణ మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు. తరువాత మైకు ముందు ఉందన్న సంగతి పట్టించుకోకుండా, “ఇరవై నాలుగుండాల బాబూ, పదిహేడే ఉన్నాయి. బిరడాలు తొమ్మిది. తీగలు బిరడాల కాడికి ఎళ్ళకుండా యాళి నోట్లోకి ఎళ్ళిపోతన్నాయి. ఇది ఎవులు చేసినారు?” అన్నారు. బిరడాలంటే తీగలు బిగించేవి, యాళి అంటే వీణ మెడ చివర చెక్కే సింహం లాంటి ముఖం. మన యువ సభ్యుడు లేచి నిలబడి, “నేనే చేశానండి” అన్నారు. పెద్దాయన కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టుగా, “చేసినావా, చేయించినావా?” అని అడిగారు.

సభలో కొందరు నవ్వారు. నవ్వకుండా ఉండవలసింది, ఎందుకంటే సంఘం పని నిజంగా చేసే నలుగురైదుగురిలో ఆ అబ్బాయి ఒకరు. ఆయన రెండు నెలలు మన వైపు రాలేదు. కాని ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. పనస దుంగను ఒకే ముక్కగా తీసుకుని కుండ, దండి, మెడ అన్నీ అతుకు లేకుండా తొలిచి ఏకాండి వీణ చేసే చేతులకు ‘చేయడం’ అన్న మాట ఎంత బరువో ఆ ప్రశ్నలో తెలిసింది. తెలుగులో ‘ఇంచు’ అన్న చిన్న ప్రత్యయం చేరితే గీయడం గీయించడం అవుతుంది, రాయడం రాయించడం అవుతుంది. బడిలో ప్రేరణార్థకమని చదివి మరిచిపోయిన ఆ ప్రత్యయం మీదే నవంబరు 30న రోజంతా చర్చాసభ పెట్టాలని నిర్ణయించాం. అది గురజాడ వారి వర్ధంతి. ఇప్పుడు అందరూ వాడుతున్న చాట్‌జీపీటీ 2022లో జనం ముందుకు వచ్చింది కూడా నవంబరు 30నే అని ఒక సభ్యుడు గుర్తుచేశారు. దీనికి అర్థం వెతకవద్దని ఉపాధ్యక్షులు అప్పుడే హెచ్చరించారు.

ఆ సభ ఈ సంఘం జరిపిన వాటిలో ఉత్తమమైనదని చెప్పుకోవడానికి నేను సంకోచించను. ఉదయం పదింటికి మొదలై దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం తిన్నాక కూడా మూడు వంతుల కుర్చీలు నిండే ఉన్నాయి. మొదటి వక్తగా మన యువ సభ్యుడినే పిలిచాం. వచ్చారు. అమెరికాలో 2022లో కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి పొందిన యంత్ర చిత్రం సంగతి చెప్పారు. దానిని తెప్పించినవాడు కనీసం 624 సార్లు సూచనలు మార్చి మార్చి ఇచ్చానని చెప్పుకున్నా, 2023 సెప్టెంబరులో అక్కడి కాపీరైటు కార్యాలయం అందులో యంత్రం గీసిన భాగానికి హక్కు ఇవ్వలేదు. “624 సార్లు తిరగగొట్టి రాయించడం శ్రమ కాదా? మేస్త్రి ఇటుక పట్టుకోడు, ఇల్లు ఆయన కట్టాడనే అంటాం కదా?” అని ఆయన అడిగారు. చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను.

తరువాత మాట్లాడిన మన న్యాయవాది సభ్యులు 1957 నాటి మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో చేరిన నిర్వచనం వినిపించారు. కంప్యూటరు ద్వారా పుట్టిన రచన విషయంలో, ఆ రచన పుట్టడానికి కారకుడైన వ్యక్తే కర్త అని అందులో ఉంది. అంటే మన చట్టం ఈ యంత్రాలు రావడానికి చాలా ముందే చేయించినవాడిని చేసినవాడిగా రాసి పెట్టింది. దీని మీద విశ్రాంత తెలుగు అధ్యాపకులు లేచి, మన కావ్య సంప్రదాయంలో కృతికర్త వేరు, కృతిభర్త వేరు అని, భారతం తెనిగించమని అడిగినవాడు రాజరాజనరేంద్రుడైనా తెనిగించినవాడు నన్నయే అని, తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఈ విషయంలో ఎవరికీ అనుమానం రాలేదని అన్నారు. “నన్నయ కంప్యూటరై ఉంటే మాత్రం ఈ చట్టం ప్రకారం భారతం రాజుగారి రచన అయి ఉండేది” అని ఆయన అనగానే సభ గొల్లుమంది. యంత్రానికి సూచనలిచ్చేవాడికి కృతిభర్త అన్న పేరు చక్కగా సరిపోతుందని ఆయన ప్రతిపాదన. పూర్వం కృతిభర్త కవికి అగ్రహారాలిచ్చేవాడు, ఇప్పటి కృతిభర్త నెలవారీ చందా కడతాడు, అంతే తేడా.

మన విజయనగరం నాటకాల ఊరు కనుక ఒక పాత నటులు చెప్పిన మాట అందరికీ నచ్చింది. నాటకంలో ప్రాంప్టరు తెర పక్కన నిలబడి మాట అందిస్తాడు, నటుడు పలుకుతాడు, చప్పట్లు నటుడికి దక్కుతాయి. ఈ కొత్త వ్యవహారంలో మాట అందించేది మనిషి, వేషం కట్టేది యంత్రం, దండ కోసం మెడ చాచేది ప్రాంప్టరు అని ఆయన అన్నారు. అయితే ఎన్నో నాటకాలను ప్రాంప్టరే గట్టెక్కించాడని కూడా ఆయనే ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం మాట్లాడిన ఇద్దరి గురించి కొంచెం వివరంగా రాయాలి. ఒకరు షాపుల బోర్డులు, గోడల మీద అక్షరాలు రాసిన ఆర్టిస్టు. మరొకరు ఆయన వీధిలోనే ఫ్లెక్సీలు డిజైన్ చేసే కుర్రవాడు. యంత్రం వచ్చాక పార్టీ వాళ్ళు, పెళ్ళివాళ్ళు బొమ్మలు తామే తెప్పించుకుని అచ్చుకు మాత్రమే వస్తున్నారని, తన పని సగం పోయిందని కుర్రవాడు వాపోయారు. ఆర్టిస్టు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నీ ఫ్లెక్సీ వచ్చిన ఏడాది నేనూ ఇలాగే మాట్లాడాను నాయనా, అప్పుడు వినడానికి సభ పెట్టినవాళ్ళు లేరు” అన్నారు. అప్పుడు సభలో ఉన్న ఫొటో స్టూడియో యజమాని లేచి, నెగెటివు మీద పెన్సిలుతో టచింగ్ చేసే మనిషికి తన తండ్రి నెల జీతం ఇచ్చేవారని, ఆ పనే ఇప్పుడు లేదని చెప్పారు. రవివర్మ 1894లో పెట్టించిన ముద్రణాలయం నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలకు పూజగదుల్లో కుంకుమ పెట్టిన వాళ్ళం, అచ్చు బొమ్మ కళ కాదని ఏ ముఖంతో అంటామని ఆయన ప్రశ్న. దానికి జవాబు ఆ రోజు ఎవరూ సరిగా చెప్పలేదు. నాకు తోచినది ఇది: ఆ అచ్చుయంత్రం రవివర్మ గీసిన గీతనే మళ్ళీ మళ్ళీ చూపింది. ఇప్పటి యంత్రం లక్షల మంది గీసినవాటిని నమిలి, ఎవరి గీత ఎక్కడిదో తెలియకుండా పెడుతోంది. ఆ లక్షల మందిలో ఎవరినీ అడగలేదన్నది నా బాధ.

సాయంత్రం తీర్మానం పెట్టాం. ఇకమీదట మన సంఘం అచ్చు వేసే వాటిలో యంత్రం చేత చేయించిన బొమ్మ గాని రచన గాని ఉంటే, దాని కింద ‘చేయించినవారు’ అనే రాయాలి, ‘చేసినవారు’ అని రాయకూడదు. అధిక సంఖ్యాకుల ఆమోదంతో అది నెగ్గింది. ఉపాధ్యక్షులు వ్యతిరేకించి, తమ అసమ్మతిని రాతపూర్వకంగా ఇచ్చారు. పరీక్షల తెలుగు ఎలా ఉండాలన్న వివాదంలో 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం మన ఊరికి గర్వకారణమే కనుక, దీనిని కూడా దస్త్రంలో భద్రంగా ఉంచాను. ఉపాధ్యక్షుల వాదన తేలికగా తీసిపారేయదగినది కాదు. తెలుగులో ‘చేయించడం’ ఏనాడూ చిన్నతనం కాదని, చెరువు తవ్వించినవాడి పేరు శాసనంలో ఉంటుంది గాని గునపం పట్టినవాడి పేరు ఉండదని, తాళపత్రాలను జీతాలిచ్చి పండితుల చేత పరిష్కరింపజేసిన బ్రౌన్ దొరకే మనం మొక్కుతామని, కనుక ఈ తీర్మానం యంత్రాన్ని వాడినవాడిని తగ్గించబోయి రాజును చేస్తోందని ఆయన రాశారు. ఒప్పుకుంటాను. కాని చెరువు తవ్వించిన రాజు ఎవరూ గునపం పట్టి నేనే తవ్వానని శాసనం వేయించుకోలేదు. మేము అడుగుతున్నది అంతవరకే.

ఈ కొత్త పనులకు తెలుగు మాటల పట్టిక తయారుచేసే పని కూడా ఈ ఏడాది ముందుకు జరిగింది. యంత్రానికి ఇచ్చే సూచనకు, అంటే ప్రాంప్టుకు, ‘అందింపు’ అనుకున్నాం. యంత్రం లేనిది ఉన్నట్టు ధైర్యంగా చెప్పడాన్ని పత్రికలు భ్రమ అంటున్నాయి, కాని భ్రమ పడటానికి మనసుండాలి కనుక ‘కోత’ అన్నది మేలని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయురాలు ఒకరు యంత్రాన్ని సవర మాటలు అడిగితే వరసగా ఇరవై ఇచ్చిందని, తరగతిలో చదివితే సవర పిల్లలు ఒక్కటీ గుర్తుపట్టక నవ్వారని చెప్పడంతో ‘కోత’ ఖాయమైంది. గిడుగు వారు సవర నిఘంటువు తేవడానికి ఆ మాట్లాడే మనుషులతో ఏళ్ళు గడిపారని అక్కడ గుర్తుచేసుకోక తప్పలేదు. ‘కృత్రిమ మేధ’ మీద మూడు సమావేశాలు ఖర్చయ్యాయి. కృతి, కృత్రిమం ఒకే ధాతువు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, ఒకరికి గౌరవం దక్కి మరొకరికి కృత్రిమ నవ్వు దక్కింది. చివరికి ఆటోవాడు కూడా ఏఐ అనే అంటున్నాడు కనుక, గిడుగు వారి పేరు చెప్పుకునే సంఘం జనం నోటి మాటను కాదనడం బాగుండదని ‘ఏఐ’ అనే ఉంచేశాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదువుతారు. చర్చాసభకు అనుకున్నదానికన్నా ఎక్కువ అయింది. తేడా చాలావరకు ఆహ్వానపత్రిక రంగుల అచ్చుది. ఆడిటు అయింది.

ఇక నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చర్చాసభకు పన్నెండు మంది స్వచ్ఛంద సేవకులు పుస్తకంలో పేర్లు రాశారు. ఉదయం ఏడింటికి వచ్చినవారు ముగ్గురు. కుర్చీలు నేను, కోశాధికారి వేశాం. ఆయన నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో కళ చచ్చిపోయిందని వాదించే సభ్యులు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి గంట స్తంభం దాకా రాలేకపోతున్నారు. ముఖ్య అతిథిగా వస్తామని రెండుసార్లు ఖాయం చేసిన ఒక అధికారి ఆ రోజు ఫోను ఎత్తలేదు, నలభై నిమిషాలు దీపం వెలిగించకుండా ఎదురుచూశాం. చివరికి వీణ పెద్దాయన చేతనే వెలిగింపజేశాం, అదే మంచిదైంది. శాశ్వతంగా ఒక గది ఇప్పించమని పెట్టుకున్న మూడు అర్జీలకు రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఫిబ్రవరి సమావేశం ఆగిపోవడానికి కారణం, మనకు ఇచ్చిన హాలుకు ఆ ఉదయమే ఇంకెవరో తాళం వేసుకుపోవడం. పదిహేను మందిమి అరుగు మీద అరగంట కూర్చుని ఇళ్ళకు వెళ్ళిపోయాం.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. రెండు బస్సులు మారి మూడుసార్లు వచ్చి, దారి ఖర్చులు కూడా తీసుకోని వీణ పెద్దాయనకు, దోమల మధ్య అసమ్మతి పత్రం రాసిన ఉపాధ్యక్షులకు, మైకు ఉచితంగా ఇచ్చిన సౌండ్ సిస్టం వారికి, పులిహోర చేసి పంపిన సభ్యుల కుటుంబాలకు, వంద ప్రతులు అరువు మీద అచ్చు వేసిన ప్రెస్సు వారికి, సభలో కొందరు నవ్వినా తిరిగి వచ్చిన మన యువ సభ్యుడికి సంఘం రుణపడి ఉంది. ఆయన వచ్చే ఏడాది పత్రిక మీద వీణ బొమ్మను చేత్తో గీస్తానని మాట ఇచ్చి, ఇప్పటికి నాలుగు చిత్తుప్రతులు చూపించారు. మెట్లు ఇరవై నాలుగు ఉన్నాయి. యాళి ముఖం మాత్రం ఇంకా కుక్కలా ఉందని పెద్దాయన అభిప్రాయం.

2025–26 చందా కట్టనివారు ఈ సమావేశం ముగిసేలోగా కోశాధికారికి చెల్లించి రసీదు తీసుకోవాలి. చర్చాసభ నాడు అరువు తెచ్చిన స్టీలు పళ్ళాలలో ఆరు తిరిగి రాలేదు. పొరపాటున ఎవరి సంచిలోనైనా వెళ్ళి ఉంటే దయచేసి మా ఇంటికి చేర్చగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
విజయనగరం