పేరు చెప్పని అక్కకు కృతజ్ఞతలు

అక్కా, మీ పేరు రాయడం లేదు. నేను వదిలేసిన మోర్మన్ చర్చి వార్డుకు, అంటే స్థానిక సంఘానికి, మీ వాళ్లు ఇంకా వెళ్తున్నారు కదా, మీకు లేనిపోని టెన్షన్ ఎందుకు.

2012లో మన దేశంలోనే మొదటి స్టేకు (కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం) హైదరాబాద్‌లో ఏర్పడినప్పుడు పొంగిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. మోర్మన్లంటే బయటివాళ్లకు తెలిసిందల్లా టీ, కాఫీ తాగరని. సంఘం వదిలేటప్పుడు అసలు బాధ అక్కడ లేదు. (ఇరానీ చాయ్ మరీ తీపి అనిపించింది, అది వేరే సంగతి.) మందిరంలో ప్రత్యేక విధితో శాశ్వతంగా ఒకటిగా 'ముద్రించబడిన' కుటుంబాలు చనిపోయాక కూడా కలిసే ఉంటాయని చిన్నప్పటి నుంచీ విన్నాను. మరి నేను వెళ్లిపోతే? అక్కడ అమ్మ పక్కన నేనుండను. నమ్మకం పోయాక కూడా ఆ భయం నన్ను వదల్లేదు. ఆదివారం పొద్దున్న ఎక్కడికి వెళ్లాలో తోచక ఏడ్చేదాన్ని.

మీరు సంఘాన్ని ఒక్క మాట అనలేదు. సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ బహుభార్యత్వం గురించి చదివి నేను కోపంతో ఊగిపోతుంటే, "2014లో సంఘమే ఒప్పుకుని రాసిందిలే, ముందు అన్నం తిను" అన్నారు. సంఘ సభ్యత్వానికి రాజీనామా ఉత్తరం కోసం తొందరపెట్టలేదు. అమ్మకు ఏం చెప్పాలో మాత్రం ఓపిగ్గా నాతో కూర్చుని ఆలోచించారు.

అమ్మ చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తోంది. నీ కోసం ప్రార్థన చేస్తున్నానని చివర్లో తప్పకుండా అంటుంది. వాదించకుండా "సరేనమ్మా" అంటున్నాను. అది మీరు నేర్పిందే. థాంక్యూ అక్కా.