డొమైన్ నీ పేరు మీదే కొను, తమ్ముడూ

డబ్లిన్, ఆదివారం రాత్రి

తమ్ముడూ,

నీ పక్షుల ఫొటోలకి వెబ్‌సైట్ చేయిస్తున్నావని, ఎవరో 18 వేలు అడిగారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే, డొమైన్, అంటే సైట్ పేరు, ఎవరి పేరు మీద కొంటున్నారో ముందు అది అడుగు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమ్మ వేసే ముగ్గులన్నీ ఫొటోలు తీసి నేనొక సైట్ పెట్టాను, గుర్తుందా? అది చేసిపెట్టిన తెలిసినతను డొమైన్‌ని తన అకౌంట్‌లో, తన మెయిల్‌తో కొన్నాడు. గడువు అయిపోతోందని వచ్చే మెయిల్స్ అన్నీ అతనికే వెళ్లాయి, అతను ఊరు మారాడు, నంబరూ మారింది, ఒకరోజు పొద్దున సైట్ తెరిస్తే ఖాళీ. రెండు సంక్రాంతుల ముగ్గులు. నా దగ్గర వేరే కాపీ కూడా లేదు. ఆ బాధ నీకు రాకూడదు.

సైట్ అంటే రెండు వేరువేరు విషయాలు. ఒకటి పేరు, అంటే డొమైన్. రెండోది ఫైళ్లు ఉండే చోటు, అదే హోస్టింగ్. పేరుకి ఏటా కట్టాల్సిందే, చోటు మాత్రం నీలాంటి చిన్న సైట్‌కి ఉచితంగానే దొరుకుతుంది. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. మొదటి ఏడాది 99 రూపాయలే అని పెద్ద అక్షరాలతో వేస్తారు, అది చూడకు, రెన్యువల్ ఎంతో చూడు, నువ్వు ఏటా కట్టేది అదే. డబ్బు కట్టే పేజీలో హోస్టింగ్, మెయిల్, ఎస్‌ఎస్‌ఎల్ అని కొన్ని కలిపేసి ఉంటాయి, అవన్నీ తీసెయ్. సైట్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరించకుండా ఉండటానికి కావాల్సిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచీ అందరికీ ఉచితంగా ఇస్తోంది. కొనేటప్పుడు నీ మెయిల్, నీ ఫోన్ నంబరు ఇచ్చి ఆటో రెన్యువల్ పెట్టు, కార్డు మారినప్పుడు అక్కడ కూడా మార్చడం మర్చిపోకు.

ఫైళ్ల కోసం గిట్‌హబ్ అనే సైట్‌లో అకౌంట్ తెరువు. అందులో పేజెస్ అని ఉంటుంది, నా సైట్ ఇప్పుడు అక్కడే ఉంది, పేరుకి తప్ప ఒక్క రూపాయి కట్టడం లేదు. సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదు, ఉచిత అకౌంట్‌లో ఫైళ్లు అందరికీ కనిపిస్తాయి. ఎలాగూ అందరికీ చూపించడానికే కదా. నీ డొమైన్‌ని దానికి కలపడానికి డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ పేరు కొడితే ఏ చోటుకి వెళ్లాలో చెప్పే సెట్టింగుల్లో, నాలుగైదు లైన్లు మార్చాలి, అవి గిట్‌హబ్ వాళ్ల సహాయం పేజీలోనే ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టు కాపీ చెయ్యి. మార్చగానే పనిచెయ్యకపోతే టెన్షన్ పడి మళ్లీ మళ్లీ మార్చకు, ఒక్కోసారి ఒకరోజు పడుతుంది. నేను అలా మార్చి మార్చి రెండు రాత్రులు పాడుచేసుకున్నాను.

మొదటి పేజీ నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చు. నేను వాడే ఖాళీ పేజీ ఫైలు వాట్సాప్‌లో పంపిస్తాను, మధ్యలో నీ మాటలు పెట్టుకో. దాని పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఉండాలి. విండోస్‌లో చివర డాట్ టీఎక్స్‌టీ అని కనపడకుండా చేరిపోతుంది, ఫోల్డర్ తెరిచి పైన వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి చూసుకో. ఫొటోల పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టు. నీ కంప్యూటర్‌కి పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే, గిట్‌హబ్‌లో మాత్రం రెండూ వేరు, ఇంట్లో బాగానే కనిపించిన ఫొటో సైట్‌లో రాదు.

నీ కెమెరాలో ఒక్కో ఫొటో 8 ఎంబీ ఉంటుంది కదా, అలాగే ఎక్కిస్తే ఊళ్లో మొబైల్ డేటా మీద చూసేవాళ్లకి గూడబాతు ముక్కు కనపడేసరికి విసుగొచ్చి మూసేస్తారు. ఫొటోల సైజు తగ్గించడానికి స్క్వూష్ అని ఒక సైట్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫొటో ఎక్కడికీ పంపదు. అందులో వెడల్పు 1600 పిక్సెళ్లకి, క్వాలిటీ 75కి తగ్గిస్తే 300 కేబీ దగ్గరికి వస్తుంది. అలా అయితే రెండు మూడు వేల ఫొటోలు పడతాయి, నీకు పదేళ్లకి సరిపోతాయి. ఒరిజినల్స్ మాత్రం హార్డ్ డిస్క్‌లో విడిగా దాచు, రెండు చోట్ల.

ఫోన్‌తో తీసినవాటిలో ఎక్కడ తీశావో ఆ లొకేషన్ కూడా ఫైల్లో ఉండిపోతుంది. నేలపట్టు చెరువులో కడప అనే చెట్ల మీది గూళ్లయితే అందరికీ తెలిసినవే, కానీ పులికాట్ వైపు నువ్వు ఒక్కడివే చూసిన గూళ్లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకూడదు. లొకేషన్ తీసేసిన తర్వాతే పెట్టు.

నాన్న నోట్సు డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించావు కదా, అది నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనపడే అక్షరాల్లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి. చాలా పని, కానీ ఆయన రాసిన పక్షుల పేర్లు గూగుల్‌లో వెతికితే దొరకాలంటే అదొక్కటే దారి. నోట్సు పేజీల్ని ఫొటోలుగా పెట్టొద్దు. నువ్వు మార్చి పంపిస్తే నేను ఇక్కడ కూర్చుని దిద్దుతాను, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది, నాకు టైమ్ ఉంది.

ఇక్కడ బుల్ ఐలండ్‌కి కెనడా ఉత్తర కొస నుంచి బ్రెంట్ బాతులు వచ్చాయి, గడ్డిలో గుంపులుగా తిరుగుతున్నాయి. పోయిన వారం తీసిన ఫొటోలు నా సైట్‌లో పెట్టాను, చూడు.

పేరు ఇంకా అనుకోకపోతే మూడు రాసి పంపు, పలకడానికీ ఫోన్‌లో చెప్పడానికీ తేలికగా ఉండాలి. శనివారం మీకు రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తాను, అప్పుడు నాకు మధ్యాహ్నం రెండున్నర. స్క్రీన్ చూపిస్తూ నువ్వే కొను, నేను పక్కన ఉంటాను. డబ్బు నేను పంపుతాను, కానీ అకౌంట్ నీదే.

అమ్మని మోకాలికి నూనె రాసుకోమని చెప్పు.

అక్క