నీ ఆవకాయ జాడీ లీడ్స్ దాకా వచ్చింది

లీడ్స్, ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తీ,

ముందు క్షమించెయ్యి. సంక్రాంతికి రాస్తానన్నాను, ఉగాది కూడా దాటిపోయింది. నీ రెండు ఉత్తరాలూ అందాయి, రెండూ నా డ్యూటీ సంచిలోనే తిరుగుతున్నాయి, రోజూ రాద్దామనుకోవడం, ఇంటికొచ్చి మంచం మీద వాలిపోవడం. ఇక్కడ అందరం బాగున్నాం, అదే వృద్ధుల హోమ్‌లో పని, ఎక్కువగా నైట్ డ్యూటీలు, చలి కాస్త తగ్గింది, పిల్లకి ముందు పళ్లు రెండు ఊడాయి, స్థలం రిజిస్ట్రేషన్ సంగతి వచ్చే ఉత్తరంలో. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను, మూడు రోజులుగా నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నువ్విక్కడ ఫేమస్ అయ్యావురా! మా హోమ్‌లో వంటమనిషి దగ్గర నుంచి రాత్రి డ్యూటీ నర్సు దాకా అందరికీ నువ్వు తెలుసు. నీ పేరు 'పికిల్ మ్యాన్'. మొన్న గురువారం టీ టైములో నీ ఆవకాయ జాడీ కథ చెప్పాను, ఒకావిడ నవ్వలేక టేబుల్ మీద తల వాల్చేసింది.

కానీ ఇది రెండోసారి చెప్పడం. మొదటిసారి ఫిబ్రవరిలో చెప్పాను. అప్పుడు ఒక్కరూ నవ్వలేదు.

ఆ కథ నీకు నేను చెప్పక్కర్లేదు. కొవ్వూరు నుంచి రాజమండ్రి, మీ బాబాయి చేతక్ స్కూటర్, మీ అక్కకి ఇవ్వాల్సిన జాడీ, బ్రిడ్జి మధ్యలో పెట్రోలు, గాలివాన, పెళ్లివారి వ్యాను, ఆ తర్వాత స్టేజీ మీద నువ్వు చేసిన పని. మనవాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో, ప్రతిసారీ పొట్ట పట్టుకున్నవాళ్లే. అదే కథ ఇంగ్లీషులో చెప్తే మొహాలు చూసుకున్నారు. నేను చెప్పిందిలా ఉంది: వుయ్ వెంట్ బై స్కూటర్. పెట్రోల్ ఫినిష్డ్. రెయిన్ కేమ్. వెన్ ద వ్యాన్ కేమ్, వుయ్ పుష్డ్ ద స్కూటర్. వెంటనే ఒకబ్బాయి అడిగాడు, వ్యాన్ వచ్చాక ఎందుకు తోశారు, ఎక్కేయొచ్చుగా అని. నాకు అర్థం కాలేదు. వ్యాన్ రాకముందు నుంచే తోస్తున్నాం కదా! నా మనసులో ఉన్నది 'మేం స్కూటర్ తోసుకుంటూ వెళ్తుంటే వ్యాన్ వచ్చింది' అని, నోట్లోంచి వచ్చింది మాత్రం 'వ్యాన్ వచ్చాక తోశాం' అని. ఆ ఒక్కచోట కథ తిరగబడింది, ఇక ఎంత చెప్పినా నిలబడలేదు.

ఆ మూల కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని విన్నది. ఎనభై ఎనిమిదేళ్లు, ఈ ఊళ్లోనే పుట్టింది, పదిహేనో ఏట బడి మానేసి సూట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. లీడ్స్ ఒకప్పుడు రెడీమేడ్ సూట్లకి పేరున్న ఊరు, వేలమంది ఆడవాళ్లు ఆ మిషన్ల మీదే బతికారు. మన మామ్మ గుర్తొస్తుంది ఆవిణ్ణి చూస్తే, అలాగే ఎవరు ఏం చెప్పినా చేతులు ఒళ్లో పెట్టుకుని పూర్తిగా వింటుంది. ఆ రాత్రి పాలు పట్టుకెళ్తే చెయ్యి పట్టుకుని అంది: "మళ్లీ చెప్పు నాయనా. ఈసారి ముందు నన్ను ఆ బ్రిడ్జి మీద నిలబెట్టు."

అంతేరా. నాకు ఎవరూ అలా చెప్పలేదు. బళ్లో 'వాజ్ ప్లస్ ఐఎన్‌జీ' అని ఎన్ని వందల వాక్యాలు రాశామో, షి వాజ్ సింగింగ్, దే వర్ ప్లేయింగ్, ఎవరు పాడారో ఎందుకు పాడారో తెలియని వాక్యాలు. అవన్నీ ఇదిగో, వినేవాణ్ణి తీసుకెళ్లి బ్రిడ్జి మీద నిలబెట్టడానికి అని ఎనభై ఎనిమిదేళ్ల మనిషి చెప్తే అప్పుడు తెలిసింది.

ఆవిడ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. వాట్ వర్ యూ డూయింగ్? వుయ్ వర్ పుషింగ్ ద స్కూటర్. ఆకాశం ఏం చేస్తోంది? ఇట్ వాజ్ గెటింగ్ డార్క్, విండ్ వాజ్ బ్లోయింగ్. నీ స్నేహితుడి చేతిలో ఏముంది? హి వాజ్ హోల్డింగ్ ఎ బిగ్ జార్ ఆఫ్ మ్యాంగో పికిల్. వాసెన గుడ్డ గురించి కూడా చెప్పాను, దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు, మూతికి కట్టిన గుడ్డ అన్నాను. కింద ఏముంది? కింద గోదావరి, దానికీ మనకీ మధ్య రైలు. ఇక్కడ ఆగిపోయింది ఆవిడ. పైన రోడ్డు, కింద రైలు వెళ్లే బ్రిడ్జి అని, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు అని, 1974 నుంచి ఉందని చెప్పాను. "అయితే రైలు వచ్చిందా?" అంది. వచ్చింది కదరా! నేను ఆ ముక్కే మర్చిపోయాను ఇన్నేళ్లూ. ఎ ట్రైన్ వాజ్ గోయింగ్ అండర్ అవర్ ఫీట్, ద హోల్ బ్రిడ్జ్ వాజ్ షేకింగ్. ఆవిడ అడగకపోతే ఆ రైలు నాకు తిరిగి దొరికేది కాదు.

తర్వాత ఆవిడ తన కథ ఒకటి చెప్పింది, ఎలా చెప్పాలో చూపించడానికి. 1953 జూన్ 2, రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు. ఈవిడకి పదహారేళ్లు. వీధిలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉంటే అందరూ అక్కడే చేరారట. వుయ్ వర్ ఆల్ సాట్ ఆన్ ద ఫ్లోర్, అమ్మ బ్రెడ్‌కి వెన్న రాస్తోంది, బయట ఇట్ వాజ్ చకింగ్ ఇట్ డౌన్ (కుండపోత అన్నమాట, ఇక్కడి మాట), నాన్న పేపర్ పైకి చదువుతున్నాడు, ఎవరెస్ట్ ఎక్కేశారన్న వార్త ఆ పొద్దునే వచ్చింది. మన టెన్జింగ్, హిల్లరీ. ఇంతమంది ఇన్ని పనులు చేస్తున్నారా, అన్నీ వాజ్‌లూ వర్‌లే, ఒక్క సంగతీ జరగలేదు ఇంకా, నేను అప్పటికే ఆ గదిలో నేల మీద కూర్చున్నాను. అప్పుడు అంది: అండ్ ద టెలీ వెంట్ డెడ్. సరిగ్గా కిరీటం పెట్టే ముందు! నాకు గుండె ఝల్లుమంది. వాజ్‌లన్నీ చాప పరిచినట్టు పరిచి, దాని మీద ఒక్క 'వెంట్' ధన్‌మని పడేసింది.

ఇందులో నన్ను పట్టుకున్నది ఒకటుంది, నీకు చెప్తేనే అర్థమవుతుంది. 'వుయ్ వర్ సాట్' అంది చూడు. పుస్తకాల్లో అయితే 'వుయ్ వర్ సిటింగ్' అనాలి. ఇక్కడ మాత్రం ఐ వాజ్ సాట్, ఐ వాజ్ స్టుడ్ అని అందరూ అంటారు, ఉత్తర ఇంగ్లండు మాట. మొదట్లో తప్పు మాట్లాడుతున్నారనుకున్నాను. తర్వాత బస్సులో ఆలోచిస్తుంటే తట్టింది, మనమూ ఇలాగే కదరా అంటాం! 'కూర్చుంటున్నాను' అంటే ఇంకా కింద ఆనలేదు, మధ్యలో ఉన్నాను. కూర్చోవడం అయిపోయి అలాగే ఉంటే 'కూర్చుని ఉన్నాను'. నిలబడి ఉన్నాను, పడుకుని ఉన్నాను. ఆవిడ 'వాజ్ సాట్' మన 'కూర్చుని ఉన్నాను'కి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పక్కన నువ్వుంటే భుజం మీద ఒక్కటి చరిచేవాణ్ణి.

ఇంకొకటి. మనం వాజ్ ఎందుకు మర్చిపోతామో కూడా తెలిసింది. మనకి 'ఉన్నాను' ఒక్కటే. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను, నిన్న ఇంట్లో ఉన్నాను. 'వస్తున్నాను' కూడా అంతే, ఇప్పుడు బస్సులో వస్తున్నాను, నిన్న ఆరింటికి ఎక్కడున్నావంటే బస్సులో వస్తున్నాను. కాలం 'నిన్న'లో ఉంటుంది, క్రియ కదలదు. ఇంగ్లీషులో ఆ పని క్రియే చెయ్యాలి. ఇక కథ చెప్పేటప్పుడు మనకి 'వెళ్తుంటే' ఉండనే ఉంది, 'నేను సంతకి వెళ్తుంటే' అనగానే వినేవాడు సర్దుకుని కూర్చుంటాడు. మన తొమ్మిదో తరగతిలో గోడ పక్కన నిలబడి వల్లించాం గుర్తుందా, వచ్చి క్త్వార్థకం, వస్తూ శత్రర్థకం, వస్తే చేదర్థకం. 'లేచి, కడుక్కుని, తాగి, బయల్దేరి' అని పూసలు గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోతాం మనం. ఆ దారం ఇంగ్లీషులో లేదు. నేను దారం తీసేసి పూసలు మాత్రం కుప్పగా పోశాను, ఫిబ్రవరిలో.

అలాగని ప్రతిదానికీ వాజ్ తగిలించకూడదు. ఒకరోజు ఆవిడతో, చిన్నప్పుడు వుయ్ వర్ స్విమ్మింగ్ ఇన్ గోదావరి అన్నాను, ఈత కొట్టేవాళ్లం అందామని. ఆవిడ స్పూను గాల్లో ఆపేసి నా వైపే చూస్తోంది. చూస్తోంది, చూస్తోంది. ఆఖరికి "అండ్?" అంది. ఈత కొడుతుంటే ఏదో జరిగిందని, ఎవరో కొట్టుకుపోయారని ఎదురుచూస్తోంది పాపం! రోజూ చేసే పనైతే 'యూస్డ్ టు స్విమ్' అట. వాజ్ స్విమ్మింగ్ అంటే మాట ఇచ్చినట్టు, తర్వాత ఏదో ఒకటి జరిగి తీరాలి. ఇంకా 'నోబడీ వాజ్ నోయింగ్ అస్' అన్నా తల అడ్డంగా ఊపింది, తెలియడానికి ఐఎన్‌జీ పెట్టరు. మన 'తెలుసు'కి మాత్రం 'తున్నాను' తగులుతుందా? ఇది నేనే ముందు కనిపెట్టాల్సింది.

సరే, గురువారం. అందరూ ఉన్నారు, పెద్దావిడ కూడా కుర్చీ దగ్గరికి జరిపించుకుంది. ఈసారి తొందరపడలేదు. ముందు అందరినీ బ్రిడ్జి మీదికి ఎక్కించాను. స్కూటర్ తోస్తున్నాం, మధ్యమధ్యలో పక్కకి వంచి కిక్ కొడుతున్నాం, చీకటి పడుతోంది, కింద రైలు వెళ్తోంది, నువ్వు జాడీని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉన్నావు. ఎవరూ కప్పు ఎత్తలేదు. అప్పుడు, అండ్ ఎ వ్యాన్ స్టాప్డ్. ఫుల్ ఆఫ్ పీపుల్ ఇన్ సిల్క్. అప్పటికే ఇద్దరు నవ్వుతున్నారు. పెళ్లి హాలు, తడిసిన బట్టలు, ఎవరి తాలూకో తెలియని మనల్ని మగపెళ్లివారు ఆడపెళ్లివారనుకోవడం, ఆడపెళ్లివారు మగపెళ్లివారనుకోవడం, మన మూడో లడ్డూ సంగతి (అది చెప్పాను, నీ పరువు తియ్యకుండానే చెప్పాను), ఫొటోకి రమ్మని స్టేజీ మీదికి లాగడం. అక్కడ ఒక చిన్న వాక్యం వేశాను: వుయ్ వర్ గోయింగ్ టు గివ్ ద జార్ టు హిజ్ సిస్టర్. ఇద్దామనుకున్నాం అని. ఆ 'వర్ గోయింగ్ టు' వినగానే హాలంతా ఒక్కసారి ఓహ్ అన్నారు. జాడీ అక్కకి చేరలేదని నేను చెప్పకముందే వాళ్లకి తెలిసిపోయింది! అంత బలం ఉందిరా ఆ మూడు ముక్కల్లో. పెళ్లికూతురు చేతిలో నువ్వు ఆవకాయ పెట్టిన క్షణానికి ఒకావిడ టేబుల్ మీద వాలిపోయింది, చెప్పాను కదా. పెద్దావిడ నవ్వలేదు, నా వైపు చూసి తల ఊపింది, మన మామ్మ ఊపినట్టే. ఇంటికొచ్చేదాకా నేల మీద నడవలేదు నేను.

ఇంకో సంగతి, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి పడుకున్నాక నాన్న పోయిన రోజు గుర్తొచ్చింది. ఇక్కడ అలాంటి రోజు గురించి మాట్లాడితే అందరూ మొదట అడిగేది అదే, వాట్ వర్ యూ డూయింగ్ అని. ఆ ఫోను వచ్చేటప్పటికి నేను బట్టలు మడత పెడుతున్నాను. పిల్ల నీలం గౌను. సగం మడత పెట్టాను. టీవీలో ఏదో వంట చూపిస్తున్నారు. ఫోనులో అన్నయ్య ఏమన్నాడో ఇప్పటికీ సరిగా గుర్తు లేదు కానీ ఆ గౌను మాత్రం... సరేలే. నువ్వే కదా ఆ రోజు అన్నీ దగ్గరుండి చూసుకున్నది. అప్పుడు నువ్వేం చేస్తున్నావో నేనెప్పుడూ అడగలేదు. ఈసారి రాసేటప్పుడు రాయి, నీకు రాయాలనిపిస్తేనే.

అన్నట్టు ఆ వాసెన గుడ్డ ఇంకా మీ ఇంట్లో ఉందా? జాడీ వాళ్లకిచ్చేశాక గుడ్డ నీ జేబులో ఉండిపోయిందని మీ అక్క చాలాకాలం దెప్పేది. ఉంటే ఫొటో తీసి పంపు, పెద్దావిడ చూస్తానంటోంది, రోజూ అడుగుతోంది. ఇంకా నీ షాపు అద్దె గొడవ ఏమైందో, అమ్మకి కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారో, అసలు నేను డబ్బుల గురించి కూడా ఇందులోనే

తొమ్మిదో గది బెల్లు మోగుతోంది, వెళ్తున్నాను. పొద్దున పోస్టులో వేసేస్తాను.

నీ
చిన్నోడు