ఒకే శనివారాన్ని ఎన్నిసార్లు రాయాలి?

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారాలు. వినతిపత్రాలకు రసీదు నంబర్లు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

అడిగేది చిన్న విషయమే. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీరు చేసిన సేవను మరో యువ అవార్డుకు కూడా చూపించవచ్చా, కూడదా? అవునో కాదో కాగితం మీద రాసిచ్చే నాథుడు లేడు. ఒక కాలేజీలో సరే అంటారు, పక్క కాలేజీలో 'డబుల్ కౌంటింగ్', అంటే ఒకే పనికి రెండు లెక్కలు అని, సేవా గంటలు రాసే డైరీని తిప్పి కొడతారు. ఒకే కాలేజీలో ప్రోగ్రాం ఆఫీసర్ (యూనిట్‌ను నడిపే లెక్చరర్) మారితే రూలూ మారిపోతుంది.

లెక్కలు మీకు తెలియనివి కావు. వాలంటీరు ఏడాదికి చేయాల్సిన 120 గంటల్లో ఓరియెంటేషన్‌కు 20, క్యాంపస్ పనికి 30 పోతే దత్తత గ్రామానికి మిగిలేవి 70. ఒకమ్మాయి ప్రతి శనివారం ఆ ఊళ్లో పిల్లలకు రెండు గంటలు చదువు చెబితే 35 వారాలకు ఆ 70 నిండుతాయి. అదే అమ్మాయి, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ మెట్లుగా ఇచ్చే యువ అవార్డు ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్‌లో గోల్డ్‌కు చేరిందనుకోండి. అక్కడ సేవకు 52 వారాలు, వారానికి సగటున ఒక గంట. గంటల కుప్ప ఎంతన్నది కాదు, వదలకుండా వస్తోందా అన్నదే అక్కడ చూస్తారు. శనివారం రెండు గంటలు చెప్పినా పడేది ఒక్క వారమే. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపులో ఏడు రోజులు చెరువు పూడిక తీసినా ఏడు రోజులు ఏడు వారాలైపోవు. 35 శనివారాలు చూపించాక కూడా ఇంకా 17 వారాలు బాకీ. ఎన్‌ఎస్‌ఎస్‌ది తూకం, ఆ అవార్డుది మూర కొలత. ఒకే గుడ్డను ఒకరు తూచి, ఇంకొకరు మూర వేస్తే గుడ్డ రెండవుతుందా సార్?

కొన్నిచోట్ల దరఖాస్తుతో పాటు 'ఈ గంటలు మరే అవార్డుకూ చూపలేదు' అని హామీపత్రం రాయించుకుంటున్నారు. నిజం రాసే అమ్మాయి అక్కడే ఆగిపోతుంది. గడుసువాడు ఆగడు. అదే రెండు గంటలను డైరీలో 'అక్షరాస్యత కార్యక్రమం' అని, రెండో లాగ్‌లో 'బాలలకు మార్గదర్శనం' అని, తేదీని ఆదివారానికి జరిపి మరీ రాస్తాడు. రెండు చోట్లా సంతకాలు పడతాయి. మోసం ఆపాలని పెట్టిన షరతు మోసగాడికే అచ్చొచ్చింది.

పట్టుకునేదెవరు? యూనిట్‌కు వంద మంది, మనిషికి 120 చొప్పున 12,000 గంటలు. చూడాల్సింది ఒక్క ప్రోగ్రాం ఆఫీసర్, అదీ తన క్లాసులు చెప్పుకుంటూ. ఏడాది చివర డైరీల కట్ట ముందేసుకుని ఒక్క సాయంత్రంలో సంతకాలు చేస్తే సరిచూసినట్టేనా? పేజీ పేజీకీ 'నాలుగు గంటలు' అని గుండ్రంగా ఉంటుంది. నిజంగా పని చేసిన డైరీలోనే గంటా ముప్పావు, రెండుంబావు లాంటివి కనిపిస్తాయి. అనుమానం మాత్రం వాటి మీదకే పోతుంది! ఇక ఊరికి వెళ్లొచ్చే ప్రయాణం లెక్కలోకి వస్తుందా, రక్తదానానికి ఎన్ని గంటలు వేయాలి అన్నవి ఎవరి చిత్తం వారివి.

అన్నీ కలిపేయమని అడగడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది తర్వాత చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు వస్తాయి. అందులో చేసిన సర్వేను తెచ్చి ఎన్‌ఎస్‌ఎస్ రెండేళ్ల 240 గంటల్లో కలిపితే తప్పే. భత్యం తీసుకున్న పనిని స్వచ్ఛంద సేవ అనడమూ తప్పే. మార్కు వచ్చేచోట, డబ్బు వచ్చేచోట గీత గీయండి. ఉత్త గుర్తింపు దగ్గర మాత్రం చేసిన పనిని చేసినట్టు చూపించుకోనివ్వండి.

2023 అక్టోబర్ 31న మొదలైన మై భారత్ పోర్టల్ (యువత సేవా కార్యక్రమాల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్) మీ చేతిలోనే ఉంది. వాలంటీరుకు ఒకే ఖాతా, పనికి ఒకే నమోదు ఉండాలి. తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, ఊరు, చేసిన పని, దగ్గరుండి చూసినవారి పేరు అందులో రాయాలి. ధ్రువీకరణ ఏడు రోజుల్లో జరగాలి, ఏడాది చివర కాదు. ఏ అవార్డుకు అడిగినా అందులోంచే తీసి ఇవ్వాలి, దేనిదేనికి వాడారో పక్కనే కనిపించాలి.

'నేను కాదు, నువ్వు' అన్నది ఎన్‌ఎస్‌ఎస్ నినాదం. ఈ ప్రశ్న విషయంలో మాత్రం దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. నేను కాదు, నువ్వు చెప్పు అని కాలేజీ యూనివర్సిటీ వైపు, యూనివర్సిటీ పైవాళ్ల వైపు చూపిస్తాయి.

పోర్టల్ సంగతి ఆలస్యమైనా సరే, వర్క్ డైరీలో ఒక్క గడి పెంచండి: 'ఈ సేవను ఇంకా దేనికి చూపుతున్నారు?' అందులో నిజం రాసినందుకు డైరీ వెనక్కి పంపకూడదని సర్క్యులర్‌లో ఒక్క వాక్యం చాలు. అది కొత్త డైరీలు అచ్చుకు వెళ్లకముందే వస్తే మేలు. లేకపోతే వంద డైరీల్లోనూ ఆ గడిని స్కేలు పెట్టి గీసుకోవాలి, అలా గీసిన గంటలను ఎందులో రాసుకోవాలో మళ్లీ మిమ్మల్నే అడగాలి.

ఇట్లు,
డైరీలు నింపేవాళ్లు, సంతకాలు పెట్టేవాళ్లు