ఉమ్మడి ఇంటి గత నెల జమా ఖర్చుల వివరణ

ఇంట్లో ఉంటున్న ఐదుగురికీ తెలియజేయునది.

గత నెల పద్దులు ముగించాం. జమ అయిన మొత్తాన్ని 100 వంతులనుకుంటే అద్దెకు 62, విద్యుత్తుకు 14, ఇంటి నిర్వహణకు 7, గ్యాస్‌కు 5, ఇంటర్నెట్‌కు 5, నీటికి 3, చిల్లర మరమ్మతులకు 2 వంతులు ఖర్చయ్యాయి. మిగిలిన రెండింటిలో అర వంతు అనామతు పద్దు (ఎవరి పేరున రాయాలో తేలేవరకు విడిగా ఉంచే పద్దు) కింద చెల్లించాం, కారణం చివర ఉంది. ఒకటిన్నర వంతు ఈ నెలకు ప్రారంభ నిల్వ. రసీదులన్నీ తేదీల వరుసలో ఉన్నాయి, ఎవరైనా ఎప్పుడైనా తీసి చూడవచ్చు.

అద్దె, ఇంటర్నెట్ ఎవరు ఇంట్లో ఉన్నా లేకున్నా ఆగవు కాబట్టి సమాన వాటాలే వేశాం. పేచీ వచ్చేది విద్యుత్తు దగ్గర. బిల్లులోని స్థిర రుసుమును ఐదుగురికీ సమానంగా పంచాం. వాడకం 306 యూనిట్లు. ఇందులో ఫ్రిజ్‌ది రోజుకు ఒకటి చొప్పున 30 యూనిట్లు. ఇంట్లో ఎవరు లేకపోయినా అది నడుస్తూనే ఉంటుంది కనుక మనిషికి 6 యూనిట్లు పడ్డాయి. మిగతా 276 యూనిట్లను ఇంట్లో ఉన్న రోజులను బట్టి పంచాం. నలుగురు 30 రోజులూ ఉన్నారు, ఒకరు 18 రోజులే ఉన్నారు. మొత్తం 138 రోజులు, అంటే రోజుకు 2 యూనిట్లు. ఆ ఒక్కరికి 42, తక్కిన వారికి తలా 66 యూనిట్లు తేలాయి. కళ్లు మూసుకుని ఐదు భాగాలు చేసి ఉంటే, లేని మనిషి నెత్తిన 19 యూనిట్లకు పైగా అదనంగా పడేవి. అది అన్యాయమని కమిటీ గట్టిగా నమ్ముతోంది.

బాకీల విషయంలో, ఎవరు ఎంత పెట్టారో, వారి వాటా ఎంతో చూసి తేడా మాత్రమే ఇచ్చిపుచ్చుకున్నాం. ఒకరు రెండోవారికి, రెండోవారు మూడోవారికి అంతే మొత్తం ఇవ్వవలసి ఉంటే మధ్యవారితో పని లేదు, మొదటివారు నేరుగా మూడోవారికి ఇస్తే సరి. ఇలా చేస్తే ఐదుగురి మధ్య ఎన్ని బాకీలున్నా నాలుగు చెల్లింపులు మించవు. ఈసారి మూడింటితో తీరిపోయాయి.

యజమాని దగ్గరున్న అడ్వాన్సును ఈ లెక్కలో కలపలేదు. అది తిరిగి రావలసిన సొమ్మే తప్ప ఖర్చు కాదు. ఇల్లు ఖాళీ చేసే వారి నెల బాకీని ఆ రోజు మీటరు రీడింగు చూసి విడిగా తేల్చాలి. అడ్వాన్సులో అంచనాగా కోత పెట్టడానికి కమిటీ ఒప్పుకోదు.

ఇక అనామతు సంగతి. అది ఇంటర్నెట్ బిల్లు మీద పడిన ఆలస్య రుసుము. గడువు నాటికి అందరి వాటాలూ చేతికి రాలేదని బిల్లు కట్టినవారు అంటున్నారు. గడువు ఎప్పుడో తమకు చెప్పలేదని వాటా ఆలస్యంగా ఇచ్చినవారు అంటున్నారు. రెండు మాటలూ నిజమే. అందువల్ల ఎవరి పేరునా రాయలేదు. ఆదివారం అందరం కూర్చుని తేల్చిన తరువాతే ఆ పద్దు మూస్తాం. వాటాల లెక్కపై అభ్యంతరాలుంటే ఆలోపే రాసి ఇవ్వండి.

— ఉమ్మడి ఖర్చుల కమిటీ