ఆదివారం మాస్టారి ఇంటర్వ్యూ
అందరికీ నమస్కారం. ఫోటోగ్రఫీ చదువుతున్న ఒక అమ్మాయి తన ప్రాజెక్ట్ కోసం మన మాస్టారిని రీలు కెమెరా రోజుల గురించి ఇంటర్వ్యూ చేస్తోంది. ఆదివారం ఉదయం పది గంటలకు, ఆయన ఇంట్లోనే. మనమూ వెళ్లొచ్చు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపు ఫోన్లు మాత్రం సైలెంట్‌లో పెట్టండి.

ప్రశ్నలు ముందే నాకు పంపింది. "డిజిటల్ కంటే ఫిల్మ్ గొప్పదా?" లాంటివి కొన్ని ఉన్నాయి. వాటికి మాస్టారు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకుంటారు, తెలిసిందే కదా. పని గురించి అడగమన్నాను. 36 ఫ్రేముల రీలుతో పెళ్లి తీస్తున్నప్పుడు తలంబ్రాలకని ఎన్ని దాచుకునేవారు? మే నెలలో కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటితే, ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు డెవలపర్‌ని 20 డిగ్రీలకు ఎలా తెచ్చేవారు? ఐసు నేరుగా వేస్తే మందు పలచబడుతుంది, సీసాని ఐసు నీళ్ల బకెట్‌లో పెట్టాలి. అదీ కుదరకపోతే డెవలపింగ్ టైమ్ తగ్గించాలి. మరీ తగ్గిస్తే నెగెటివ్ అంతా ఒకేలా రాదు. ఇలాంటివి కదిపితే ఇక ఆయన్ని ఆపడం మన వల్ల కాదు!

ఆయన తీసిన పాత నెగెటివ్‌లు మీ దగ్గరుంటే తీసుకురండి. అంచులే పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టొద్దు. వాటిని కింది నుంచి వెలుగు పడేలా పెట్టి చూడ్డానికి లైట్ బాక్స్ నేను తెస్తాను. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడ చెప్పండి, కుర్చీలు చూసుకోవాలి.